రెండో కన్ను ఉబ్బలేదు

పాపకు మూత్రపిండాల జబ్బని తేలినప్పటి నుంచి నా పొద్దు కిరసనాయిలు స్టవ్వు దగ్గరే మొదలయ్యేది. బొంబాయి కామాఠిపురాలో వరుస గదుల మా చాల్ అంతటికీ ఒకటే సండాసు, అంటే మరుగుదొడ్డి. అక్కడ వరుస పెరగకముందే పాప మూత్రం టెస్ట్‌ట్యూబులో పట్టి మంట మీద వేడి చేసేదాన్ని. తెల్లగా విరిగితే జబ్బు తిరగబెట్టినట్టు. తేటగా ఉంటే ఆ రోజుకు గండం గడిచినట్టు.

స్టెరాయిడ్ మాత్రలకు నాలుగేళ్ల పాప మొహం గుండ్రంగా ఉబ్బింది. “బొంబాయి నీళ్లు మంచిగ పడ్డయి” అని అందరూ బుగ్గలు గిల్లేవాళ్లు. నాకేమో డాక్టరు మాటే గుర్తొచ్చేది: ఈ మందు ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని తగ్గిస్తుంది, జలుబైనా తేలిగ్గా తీసుకోవద్దు, జ్వరం పైకి కనిపించకపోవచ్చు.

ఆ వానాకాలం పట్టిన జలుబు వదల్లేదు. ముక్కు ఒకవైపు పచ్చగా కారేది, చెడు వాసన కూడా వచ్చేది. అత్తమ్మ వాము వేయించి మూటకట్టి వాసన చూపించేది. ఒకరోజు పాప లేచేసరికి ఎడమ కన్ను ఉబ్బి మూసుకుపోయింది. జబ్బు తిరగబెట్టిందనుకుని ట్యూబు వేడి చేశాను.

తేటగానే ఉంది.

“మంచిగనే ఉన్నది గద బిడ్డా, ఇంక ఏడుస్తవేంది?” అంది అత్తమ్మ. పాప నుదురు ముట్టి చూసింది. “ఒళ్లు సల్లగున్నది. గోలీల ఉబ్బే. రెండొద్దులు ఆపు, తగ్గుతది. సదువుకున్నోళ్లకు అన్నీ భయాలే!”

“డాక్టరు ఒక్కసారిగ ఆపొద్దన్నరు అత్తమ్మా.”

ట్యూబులో తెల్లగా విరిగి ఉంటే బాగుండేదనిపించింది. అది తెలిసిన జబ్బు. అది వస్తే రెండు కళ్లూ ఉబ్బేవి. ఇప్పుడు ఒక్కటే ఉబ్బింది, ఎర్రగా. ముట్టుకోనివ్వడం లేదు.

పాపను ఎత్తుకుని టాక్సీ ఎక్కాను. అత్తమ్మ గొణుగుతూనే వెంట వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు ముక్కు పక్కన వేలితో నొక్కగానే పాప కేక పెట్టింది.

“సైనస్‌లో చీము పట్టింది. కంటివైపు పాకుతోంది. మాత్రల వల్లే జ్వరం తెలియలేదు.”

“మాత్రలు ఆపేస్తారా?” అన్నాను.

“ఒంటికి అలవాటైన మందు, ఇప్పుడు ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు.”

ఇంజెక్షన్లతో కన్ను మెల్లగా తెరుచుకుంది. అది తెరుచుకునేదాకా పాపకు చూపు ఉందో లేదో ఎవరమూ పైకి అడగలేదు. అత్తమ్మ గాజులు ఆడిస్తే పాప వాటి కోసం చెయ్యి చాపింది.

ఇంటికొచ్చిన మర్నాడు మళ్లీ స్టవ్వు వెలిగించాను. అత్తమ్మ ట్యూబు వంక చూడలేదు. “ముందు రెండు కండ్లు ఒక్కతీరుగున్నయా సూడు” అంది.

ఉన్నాయి. అయినా జ్వరాన్ని దాచిన ఆ మాత్రను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. తర్వాత పాపను నోరు తెరవమన్నాను.