ఖాళీ అనుకున్న ఆకాశం

మొన్న నా మెడమీది పులిపిరి తీయడానికి డాక్టరు ద్రవ నైట్రోజన్ వంచాడు. ఆ బుసబుస చప్పుడు వినగానే విమలగారు గుర్తొచ్చి నవ్వాను. డాక్టరు ఆ నవ్వును ధైర్యమనుకున్నాడు. నేను దిద్దలేదు.

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో ఆవిడ దగ్గరే పీహెచ్‌డీ చేశాను. భవనం డాబా మీద మా చిన్న రేడియో టెలిస్కోపు ఉండేది. దాని రిసీవరు చల్లబడాలంటే రోజూ నైట్రోజన్ పోయాలి. మన గెలాక్సీలో కొన్నిచోట్ల నుంచి గామా కిరణాలు వస్తున్నాయని ఉపగ్రహాలు అప్పటికే చెప్పాయి. అక్కడ దట్టమైన వాయుమేఘం ఉంటే, మహావేగంతో దూసుకొచ్చే కణాలు దాన్ని ఢీకొని ఆ కిరణాలు పుట్టాయనుకోవచ్చు. మేఘం లేకపోతే మరేదో వింత నక్షత్రం ఉండాలి. మేఘం ఉంటే దాని రేడియో తరంగాలకు మా గ్రాఫు మీద గీత పైకి లేవాలి; విమలగారు చూసిన చోట చదునుగా వచ్చింది. మేఘం లేదు. ఆ వింత నక్షత్రం గురించే ఆవిడ మా శాఖవాళ్ళ ముందు ఉపన్యాసం ఇవ్వబోతున్నారు. మా శాఖలో ఆవిడకు పర్మనెంటు ఉద్యోగం వస్తుందా రాదా అన్నది ఆ ఉపన్యాసంతో తేలుతుంది.

మా పద్ధతి సులువే. కిరణాలు వచ్చే చోటును కాసేపు, పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని కాసేపు చూసి, మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తాం. రెండింట్లోనూ ఉండే వాతావరణపు రొద, యంత్రం రొద పోయి మేఘం సంకేతం ఉంటే మిగులుతుంది. ఉపన్యాసానికి రెండ్రోజుల ముందు ఆవిడ స్లైడ్లు సర్దుకుంటుంటే ఊరుకోలేక అన్నాను:

“విమలగారూ, ఆ ఖాళీ చోటు నిజంగా వేకెంటేనా? మా అపార్ట్‌మెంట్ కూడా వేకెంటనే ఇచ్చారు. వెళ్ళేసరికి బొద్దింకలు కాపురం పెట్టేశాయి.”

ఆవిడ నవ్వలేదు. “ఎవరు చెక్ చేశారు?”

“మీరే కదండీ సెలెక్ట్ చేసింది!”

“సెలెక్ట్ చేశాను. చెక్ చేయలేదు. లే, నైట్రోజన్ పట్రా.”

“టాక్ అయ్యాక చూసుకుందామండీ.”

“అందరి ముందూ తప్పు చెప్పేశాకా? పద.”

మిట్టమధ్యాహ్నం, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఆ ఖాళీ చోటును ఇంకా దూరపు ఆకాశంతో పోల్చి చూశాం. స్క్రీను మీద గీత నెమ్మదిగా మూపురంలా లేచింది. అదే మేఘం అక్కడిదాకా పరుచుకుని ఉంది. ఇన్నాళ్ళూ మేఘంలోంచి మేఘాన్నే తీసేస్తూ వచ్చాం.

“అవిగో నీ బొద్దింకలు,” అన్నారు.

“మరి నక్షత్రం?”

“పోయింది. జాబ్ కూడా పోతుందేమో. ముందు గ్రాఫ్ మార్చు.”

ఉపన్యాసంలో రెండు గ్రాఫులూ పక్కపక్కనే చూపించి, తను ముందు అనుకున్నది తప్పని చెప్పి, మేఘం ఎంత పెద్దదో వివరించారు. ఉద్యోగం మరొకరికి వెళ్ళింది. మర్నాడు యథాప్రకారం డాబా మీదికొచ్చి, మేం వాడిన ఖాళీ చోట్లన్నీ మళ్ళీ చూడాలన్నారు.

“జాబ్ ఇవ్వనివాళ్ళకి ఇంత చాకిరీ ఎందుకండీ?”

“వాళ్ళకోసమని ఎవరన్నారు? తప్పుగా చూసింది నేను. సరిచేయాల్సిందీ నేనే. నువ్వు వస్తావా, రావా?”

వెళ్ళాను. ఆ చలికాలమంతా వెళ్ళాను. ఇప్పుడు నా దగ్గరా విద్యార్థులున్నారు. వాళ్ళలో ఎవరైనా చదునైన గీత తెచ్చి, అక్కడేమీ లేదంటే, దేంతో పోల్చి చూశావని అడుగుతాను. అన్నిటికీ జోకులు తడతాయి గాని, ఆ ప్రశ్నకు మాత్రం ఇంతవరకు ఒక్కటీ తట్టలేదు.