అమావాస్యనాడు సముద్రానికి

మా పిల్లలు సముద్రం చూసిన రోజులన్నీ అమావాస్యలే. ఈ మాట వింటే చాలామంది ముక్కున వేలేసుకుంటారు. అమావాస్యనాడు ప్రయాణమేమిటి, అదీ చిన్నపిల్లల్ని వేసుకుని, అని మా అత్తగారు ఎన్నిసార్లు సణిగారో చెప్పలేను. ఆవిడ తప్పేం లేదు. బెజవాడ గవర్నర్‌పేటలో బట్టల దుకాణం నడిపే ఇల్లు అది, అమావాస్యనాడు కొత్త బట్టల బేలు కూడా విప్పరు. నేను పుట్టింది మాత్రం బందరు దగ్గర మగ్గాల ఊళ్ళో. మా వాళ్ళకి ఆదివారాల్లేవు. పండగరోజు కూడా పొద్దున కాసేపు నేసి లేచేవాళ్ళే ఎక్కువ. మగ్గం పూర్తిగా ఆగేది నెలకొక్క అమావాస్యనాడే. మా నాన్న నా పిల్లలతో ఎక్కడికైనా రావాలంటే ఆ ఒక్కరోజే కుదిరేది. అందుకని నేను మంచిరోజూ చెడ్డరోజూ చూడటం మానేశాను.

అంతకుముందు మా షికార్లంటే సిటీబస్సెక్కి కృష్ణ ఒడ్డున పార్కుకి వెళ్ళడం, ఉయ్యాల దగ్గర పిల్లలిద్దరూ జుట్లు పట్టుకోవడం, వేరుశెనక్కాయలు తిని ఇంటికి రావడం. దుకాణానికి సెకండ్ హ్యాండ్ వ్యాను వచ్చాక నాకు డ్రైవింగ్ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. మావారు నవ్వారు. నన్ను చూసి ఎవరైనా నవ్వితే ఆ పని చేసిగాని ఊరుకోను, అదొక పాడు అలవాటు నాకు. క్లచ్ మీద కాలు ఇంత మెత్తగా ఎలా పడుతోందమ్మా అని నేర్పే ఆయన నాలుగోరోజే ఆశ్చర్యపోయాడు. పదేళ్ళప్పటినుంచీ నాన్న పక్కన గుంటమగ్గంలో కాళ్ళు దింపి కూర్చున్నదాన్ని. ఒక కాలు తొక్కుతూ ఇంకోటి వదలడం నాకేమన్నా కొత్తా?

పిల్లల్నిద్దర్నీ తీసుకుని, దారిలో నాన్నని ఎక్కించుకుని మంగినపూడి బీచికి నేనొక్కదాన్నే తోలుకుంటూ వెళ్తానన్నప్పుడు మావారు రెండురోజులు తేల్చలేదు. ఆయన దుకాణం వదిలి రాలేరు. చివరికి పొద్దున్నే తాళాలు చేతిలో పెట్టి, "వ్యానుకి ఏమన్నా అయిందా, మళ్ళీ జన్మలో స్టీరింగ్ మాట ఎత్తొద్దు" అన్నారు. సరేనన్నాను. ఆయన అన్నారంటే అన్నట్టే. ఆ వ్యాను ఉంటేనే నాకు నాన్న, పిల్లలకి సముద్రం. అది చెయ్యిజారితే మళ్ళీ సిటీబస్సూ, అదే పార్కూ.

బెంజిసర్కిల్ దాటేవరకూ నాకు ఊపిరి ఆడలేదు. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక ఈడుస్తూ వెళ్ళాం. లారీ డ్రైవర్లు మెడలు తిప్పి మరీ చూశారు. నా పదేళ్ళ కూతురు ముందు సీట్లో కూర్చుని చూసిన ప్రతివాడికీ తిరిగి చూపు విసిరింది. పామర్రు సెంటర్లో కూచిపూడి బోర్డు కనపడగానే అటు పోదామని గొడవ చేసింది. ఇవాళ సముద్రం, ఇంకో అమావాస్యకి కూచిపూడి అని సర్దిచెప్పాను. ఏడేళ్ళ కొడుకు వెనకసీట్లో అప్పటికే పులిహోర డబ్బా మూత తీసేశాడు.

మా ఊరు చేరేసరికి వీధంతా నిశ్శబ్దంగా ఉంది, మగ్గాలు ఆడటం లేదు. నాన్న ఇస్త్రీ పంచె కట్టుకుని, తను నేసిన రెండు మందపాటి నీలం దుప్పట్లు చంకలో పెట్టుకుని అరుగుమీద సిద్ధంగా కూర్చున్నాడు. అమ్మకి వ్యానెక్కితే వాంతులు, అందుకని ఇంట్లోనే ఉండిపోయింది. నాన్న ముందు సీట్లో నా పక్కన కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. బందరులో పార్కు కనపడగానే పిల్లలు దిగాల్సిందేనన్నారు. అరగంట జారుడుబల్ల ఎక్కి దిగారు. నాన్న బెంచీ మీంచి లేవడానికి రెండుచేతులూ తొడలమీద ఆనించడం నేను అప్పుడే చూశాను. నలభైయేళ్ళు గుంటలో కాళ్ళు దింపి కూర్చున్న మనిషి, మోకాళ్ళు పోయాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు.

బీచికి వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. మిగతా బళ్ళన్నీ సరుగుడుచెట్ల దగ్గర రోడ్డు మీదే ఆగి ఉన్నాయి. సముద్రం ఎక్కడో దూరంగా ఉంది, మధ్యలో నల్లటి నేల గట్టిగా, చదునుగా కనపడింది. అంతదూరం నాన్నని నడిపించడం నాకిష్టం లేదు. బండి ఇక్కడే ఆపమ్మా, నడుస్తాలే అన్నాడాయన. నేను వినలేదు. నీళ్ళకి కాస్త ఇవతల దాకా తోలుకెళ్ళి, రోడ్డువైపు తిప్పి ఆపాను.

ఆ మధ్యాహ్నం మా నలుగురికీ పండగే. పిల్లలు కెరటాల్లో పడి దొర్లారు. నాన్న దుప్పటి మీద కూర్చుని పాదాలు తడి మట్టిలో పెట్టి, కెరటాల్ని చూసి నవ్వుతూ ఉన్నాడు. నెలనెలా అమావాస్య కోసం ఎదురుచూసే ఊరు మాది. అమావాస్యకి సముద్రానికి పోటు ఎక్కువని, పొద్దు వాలేకొద్దీ నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చెప్పలేమని మాలో ఒక్కరికైనా తట్టిందా? అక్కడ వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళింట్లో పసిపిల్లనడిగినా చెప్పేది. మాకు అమావాస్యంటే సెలవు, అంతే.

నాలుగున్నరకి కొడుకు అరిచాడు, అమ్మా, బండికింద నీళ్ళు అని. పరిగెత్తుకెళ్ళి స్టార్ట్ చేశాను. కంగారులో యాక్సిలరేటర్ ఒక్క తొక్కు తొక్కాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి నేలలోకి దిగబడిపోయాయి. ఇంకోసారి తొక్కితే ఇంకో జానెడు దిగాయి. కెరటం వచ్చి టైరుని తడిపి వెళ్ళింది. దుకాణం వ్యాను, మావారి మాట, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఏడుపొచ్చింది గానీ పిల్లలు చూస్తున్నారు.

వలల దగ్గరనుంచి నలుగురు వచ్చారు. రోడ్డు మీంచి ప్యాంటూ షర్టూ వేసుకున్న ఒకాయన కూడా దిగివచ్చి, మగాళ్ళు లేకుండా ఇంతదూరం బండెందుకు తెచ్చారమ్మా, దిగండి, నేను తీస్తానన్నాడు. నిజం చెప్పొద్దూ, దిగిపోదామని తలుపు తీశాను కూడా. నాన్న వచ్చి ఆ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"వద్దు బాబూ. మా అమ్మాయే తీసుద్ది. మీరు వెనక చెయ్యెయ్యండి చాలు."

జీవితంలో మోటారుబండి స్టీరింగ్ ముట్టుకోని మనిషి. మోకాళ్ళ మీద కూలబడి చేతులతో చక్రాల ముందు మట్టి తోడటం మొదలుపెట్టాడు. పిల్లలు ఒకరు పులిహోర డబ్బాతో, ఒకరు దాని మూతతో తోడారు. తరవాత తను నేసిన దుప్పట్లు నాలుగు మడతలు వేసి ఒక్కో చక్రం కిందికీ ఒక్కోటి దూర్చాడు. అయ్యో నాన్నా, కొత్త దుప్పట్లు అన్నాను. వినిపించుకోలేదు. లేచి నా కిటికీ దగ్గరకొచ్చి మెల్లిగా చెప్పాడు.

"మగ్గం మీద కొత్త పడుగు దారాలెక్కించినప్పుడు మొదటి తొక్కు ఎట్టా తొక్కేదానివి? అట్టా తొక్కు. నీ కాలికి తెలియాలి గానీ దారానికి తెలియకూడదు."

కళ్ళు మూసుకోలేదు గానీ మూసుకున్నట్టే ఉన్నాను. ఎడమకాలు ఇంత వదిలాను, కుడికాలు ఇంత ఆనించాను. వెనకనుంచి వాళ్ళు ఒక్క ఊపు ఇచ్చారు. దుప్పటి పర్రుమంది. బండి ఒకసారి వెనక్కి ఊగి, ముందుకి ఊగి, గట్టినేల మీదికి ఎక్కేసింది. రోడ్డు దాకా ఆపలేదు. వెనక్కి తిరిగి చూస్తే మేము ఇందాక తిన్నచోట నీళ్ళున్నాయి. పిల్లలిద్దరూ కేకలు పెట్టుకుంటూ నీళ్ళల్లో పరిగెత్తుకొస్తున్నారు. నాన్న మాత్రం నిదానంగా నడుస్తూ, బురద దుప్పట్లని వెలుతురుకెత్తి పట్టి చూసుకుంటూ వచ్చాడు. ఒక్కచోటే చిరిగింది, అదీ అంచు దగ్గర అని మురిసిపోయాడు. నన్ను మెచ్చుకుంటాడేమోనని చూశాను. ఆయన దుప్పట్లు దులిపి మడతపెట్టుకున్నాడు.

ఆ రాత్రి మా ఊళ్ళోనే ఉండి, తెల్లవారి పదింటికి బెజవాడ చేరాం. దారంతా మావారికి ఎలా చెప్పాలా అనే ఆలోచనే. ఆయన గుమ్మంలోనే ఉన్నారు. వంగి వ్యాను కిందికి చూశారు. చక్రానికి చుట్టుకున్న రెండు నీలం దారాలు తీసి చేతిలో పెట్టుకున్నారు.

"నిన్న సాయంత్రం మామగారు దుకాణానికి ఫోన్ చేశారు" అన్నారు.

నేను నమ్మలేదు. నాన్న అప్పటిదాకా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఎస్టీడీ బూతులో నంబరు కూడా ఎవరిచేతో నొక్కించుకుని ఉంటాడు. ఏమన్నారని అడిగాను. మావారు నాన్న మాటల్ని నాన్న గొంతుతోనే చెప్పారు.

"అల్లుడుగారూ, అమ్మాయి వద్దంటున్నా నేనే నీళ్ళదాకా తోలమన్నాను. నా మోకాళ్ళ కోసం. బండి దిగబడింది. దాన్నేం అనమాకండి. వెనకనుంచి సముద్రం వస్తా ఉంటే దాని కాలు వణకలా."

నాకు కళ్ళనీళ్ళాగలేదు. మోకాళ్ళ సంగతి భార్యకే చెప్పుకోని మనిషి అల్లుడికి చెప్పుకున్నాడు. పిల్లల చేతులు వదిలేసి గుమ్మంలోనే ఏడ్చాను. గర్వమో, బాధో, రెండూనో. ఆ మాటని అలాగే వదిలేస్తే స్టీరింగ్ నాకే మిగిలేది. కానీ నాన్న నెత్తిన తప్పు పెట్టి నేను బండి తోలడమా?

"నాన్న మీకు అబద్ధం చెప్పాడండీ" అన్నాను. "ఆయన వద్దన్నాడు. నీళ్ళదాకా తోలింది నేనే. తీసిందీ నేనే."

మావారు నా మొహం కేసి చూశారు. లోపలికెళ్ళి చొక్కా వేసుకుని, వ్యానూ తాళాలూ నాకే వదిలేసి, దుకాణానికి ఆటోలో వెళ్ళారు.