నేల మీద ఊగిన మనిషి

మా ఆయన మొదటిసారి తూలింది మా ఇంటి వాకిట్లోనే. చేపల వేట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ ఎడమ పక్కకు ఒరిగి గోడ పట్టుకున్నాడు. సముద్రం ఒడ్డున ఉన్న మా జువ్వలదిన్నెలో అదేమంత వింత కాదు. నాలుగు రోజులు సముద్రం మీద ఉండి వచ్చినవాళ్లకు, గట్టెక్కాక కూడా కాళ్ల కింద పడవ ఊగుతూనే ఉంటుంది. ఒకే పడవలో వేటకు వెళ్లే మా బావగారూ అదే అన్నారు. నేనూ సరేననుకున్నాను.

తర్వాత, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా పెట్టే వేట నిషేధం వచ్చింది. పడవలన్నీ ఒడ్డున కట్టేశారు. నెల దాటినా ఈయన తూలడం ఆగలేదు. పైగా పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతి. నెలగా సముద్రంలోకే పోని మనిషికి ఇంకా ఏ పడవ ఊగుతుందని బావగారిని అడిగాను. ఆయన తల దించుకున్నారు.

"చాటుగా తాగతా ఉండాడేమో చూడమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన కల్లు కూడా ముట్టడు. అయినా ఊరంతా అదే మాట పాకింది.

కావలిలో చూపిస్తే చెవిలో తేడా, వర్టిగో అని మాత్రలిచ్చారు. సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. ఆ మాట వింటే నాకిప్పటికీ చిరాకే. అంతా నార్మల్ అయితే ఎడమ చేత్తో ఎత్తిన నీళ్ల గ్లాసు వణకకుండా నోటికి ఎందుకు చేరదు?

పోరు పెట్టి నెల్లూరులో ఎంఆర్ఐ తీయించాను. ఆ మిషను చప్పుడుకు చాలామంది భయపడతారట. ఈయన మాత్రం బోటింజను పక్కన పడుకున్నట్టుందని నిద్రపోయాడు. సెరిబెల్లమ్‌లో, అంటే నడక తూలకుండా చూసే చిన్నమెదడులో, సిస్ట్ ఉందని రిపోర్టు వచ్చింది. నీటి తిత్తి, పుట్టుకతోనే ఉంటుంది, భయం లేదని పంపించేశారు.

కొన్నాళ్లకే ఒంటరిగా నడవలేని స్థితికి వచ్చాడు. చెన్నై తీసుకెళ్లాం. అక్కడి న్యూరోసర్జన్ ఫిల్ములు చూడకముందే, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నడవమన్నారు. రెండడుగులకే వచ్చి నా మీద పడ్డాడు. అప్పుడు ఫిల్ములు చూసి, కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఎందుకు తీయలేదని డాక్టరు అడిగారు. నన్ను అడిగారు! నెల్లూరు స్కాన్ సెంటరుకు ఫోన్ చేస్తే, అక్కడి డాక్టరు రాయలేదన్నారు. ఆ డాక్టరేమో సెంటరువాళ్లే చూసుకోవాలన్నారు. మళ్లీ క్యూ, మళ్లీ రక్తపరీక్ష, మళ్లీ ఎంఆర్ఐ. ఈసారి నరానికి మందు ఎక్కించాక, తిత్తి గోడలో చిన్న గడ్డ తెల్లగా కనబడింది. హీమాంజియోబ్లాస్టోమా. అరుదైన ట్యూమర్, క్యాన్సర్ కాదు, కానీ తీసేయాలన్నారు. ఆ పేరు పలకడం నాకు ఎన్నాళ్లకో గానీ రాలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత మెదడులో నీరు చేరి మళ్లీ ఐసీయూ. ఇంటికొచ్చాక, తాగుబోతన్న నోళ్లే ఆపిల్ పళ్లు పట్టుకుని పలకరించడానికొచ్చాయి. టీ పెట్టి ఇచ్చి వంటింట్లోకి పోయాను.

గడ్డ పోయింది. ఎడమ చేతి వణుకు పోలేదు. మొన్న ఆపరేషనైన ఏడాదికి తీసే స్కాన్‌కి చెన్నై వెళ్లినప్పుడు, మళ్లీ వేటకు ఎప్పుడు పోవచ్చని ఈయన అడిగాడు. ఇక కుదరదన్నారు డాక్టరు. ఇంకొంచెం ముందే వచ్చుంటే బాగుండేదన్నారు. నేను ఊరుకోలేకపోయాను.

"ముందే తిరిగినాం సార్. మీకన్నా ముందు ఈయన్ని లేచి నడవమన్న డాక్టరే మాకు దొరకలా."

ఆయన తర్వాతి స్కాన్ తేదీ రాసిచ్చారు.

ఇప్పుడు మా ఆయన హార్బరులో చేపల వేలంలో ధరలు అరిచే పని చేస్తున్నాడు. గొంతుకేం ఢోకా లేదు. పడవలు బయలుదేరే వేళకు మాత్రం ఇంట్లోనే ఉండిపోతాడు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా తూలుతుంటే కుర్చీలో కూర్చోబెట్టి మాటలతో చెప్పకండి. డాక్టరు ముందు నడిపించి చూపించండి. ఎంఆర్ఐ రాస్తే కాంట్రాస్ట్ అక్కర్లేదా అని నోరు తెరిచి అడగండి. విసుక్కుంటారు. విసుక్కోనీండి. విసుగొచ్చి ఎవరూ చావరు.