మూసేసిన గేట్ల మాస్టారు

రెండు వారాల క్రితం ఒక శుక్రవారం ఉదయం గుడివాడలో రామలింగేశ్వరరావు మాస్టారు కన్నుమూశారు. ఫోనులో కబురు చెప్పిన ఆయన తమ్ముడితో నేను, "అదెలా కుదురుద్దండీ, ఆదివారం మేమిద్దరం గూడూరు వెళ్ళాలిగా" అన్నాను. ఇరవై రెండేళ్ళు ఒకే హైస్కూల్లో పనిచేసి, పదవీ విరమణ తరువాత కూడా ఆయన స్కూటరు వెనక సీటు వదలనివాణ్ణి. ఆత్మీయుని మరణవార్త వినగానే నా నోట వచ్చింది ఆ మాట. తలచుకుంటే సిగ్గేస్తుంది. ఇది రాస్తున్న ఈ క్షణానికి కూడా ఆయన లేరన్న సత్యం బుద్ధికి తెలిసిందే గాని మనసుకు ఎక్కలేదు.

మాస్టారు లెక్కలు చెప్పేవారు, నేను తెలుగు. ఆయన సుద్దముక్క గురి ఎంత అమోఘమో పూర్వ విద్యార్థులు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాని ఆయన అసలు వ్యాసంగం వేరు. రైలు మానేసిన దారులను వెతకడం, వాటి వెంట నడవడం, ఫోటోలు తీయడం. బందరు నుంచి పోర్టు వైపు వెళ్ళిన పాత లైను ఆనవాళ్ళు, తుమ్మచెట్ల పాలైన గేట్లు, తలుపులు ఊడిన గేటుగదులు కనిపిస్తే ఆయనకు ఆకలిదప్పులు ఉండేవి కావు. నాకుండేవి. "పండితులవారూ, కాస్త ఓర్చుకోండి, ఎండ వాలితే ఫోటోలో గోడ బాగా పడుద్ది" అనేవారు. ఆ గోడల కోసం నేను ముళ్ళలో కూర్చున్న మధ్యాహ్నాలు ఇన్నీ అన్నీ కావు. అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు అలాంటి ఒక్క మధ్యాహ్నం దొరికితే చాలుననిపిస్తోంది.

ఆయనకొక నియమం ఉండేది. మూసేసిన ఏ గేటును ఫోటో తీయాలన్నా ముందు అక్కడ ఆఖరున పనిచేసిన గేట్‌మ్యాన్‌ను వెతికి పట్టుకోవాలి. బతికుంటే ఆయన్ను, లేకుంటే ఇంటివారిలో ఒకరిని, గేటు దగ్గర నిలబెట్టాలి. "ఖాళీ గేటు చూస్తే జనం పాడుబడిందంటారండీ. మనిషి నిలబడితే ఇక్కడ ఎవరో పనిచేశారని తెలుస్తది" అనేవారు. ఒకచోట గేట్‌మ్యాన్ భార్య వచ్చింది. భర్త పచ్చజెండా ఏ చేత్తో పట్టుకునేవాడో కాసేపు ఆలోచించి, ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది. మాస్టారు కెమెరా దించి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తడిసింది అద్దాలు కావని నాకు తెలుసు.

ఆయన పొరపాటు కూడా చెప్పాలి, చెప్పకపోతే ఆయనే ఒప్పుకోరు. ఒకసారి దివిసీమలో, నాగాయలంక అవతల, గీత గీసినట్టున్న ఒక మట్టికట్ట కనిపించింది. ఇది కచ్చితంగా పాత రైలుకట్టేనని రెండు రోజులు కొలతలు తీశారు, ముప్పై ఫోటోలు తీశారు. ఇక ఆఖరి గేట్‌మ్యాన్ కోసం ఊరంతా వాకబు మొదలెట్టారు. చేపలబుట్ట దించి సేదతీరుతున్న ఒక ముసలమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి, "రైలేంటి బాబూ. ఉప్పెనొచ్చి పోయాక మళ్ళీ నీళ్ళు రాకుండా మేమంతా మట్టి మోసి పోసుకున్న కట్ట అది. మా ఊరికి రైలొస్తదని మా తాత కూడా చెప్పేవోడు, రాలేదు" అంది. నేను నవ్వాపుకోలేకపోయాను. మాస్టారు మాత్రం ఆమెను కట్ట మీద నిలబెట్టి ఫోటో తీసి, ఆల్బమ్‌లో దాని కింద 'రైలు రాని చోటు. తప్పు నాది. కట్ట వీరిది' అని రాసుకున్నారు.

ఆ నియమానికి లొంగని మనిషి ఒక్కడే, సాంబయ్య. పెడన దగ్గర ఒక గేటుకు ఆఖరి కాపలాదారు. పట్టాల కింద నుంచి దారి వేశాక ఆ గేటు మూసేశారు. ఇప్పుడాయన గూడూరు దగ్గర పల్లెలో ఉంటాడు. ఆరేళ్ళు ఆయన చుట్టూ తిరిగాం. మజ్జిగ ఇచ్చేవాడు, కబుర్లు చెప్పేవాడు, ఫోటో మాటెత్తితే మాత్రం, "ఎందుకండీ మాస్టారూ. గేటేశానని నన్ను తిట్టనోడు లేడు. గేటు మూసేసిన్నాడు పలకరించినోడు లేడు. ఇప్పుడు నిలబడి ఎవరికి కనపడాలి?" అనేవాడు. ఆల్బమ్‌లో ఆ పేజీ ఒక్కటే ఖాళీ. అది నిండితే బందరు లైను పూర్తవుతుందని మాస్టారి ఆశ.

సాంబయ్య గుమ్మంలో ఉండగా దూరం నుంచి సెల్‌ఫోనుతో ఒకటి లాగేద్దామని ఒకసారి సలహా ఇచ్చాను. తిరుగుదారిలో గుడ్లవల్లేరు దగ్గర ఆయన స్కూటరు ఆపి, "ఆయన వద్దన్నాడండీ. వద్దన్నాక దొంగచాటుగా తీస్తే, ఆయన్ని తిట్టినోళ్ళకీ మనకీ తేడా ఏముంది?" అన్నారు. నాకు చాలా పాఠాలు చెప్పిన మనిషి. ఇది మటుకు బాగా తగిలింది.

మొన్న పెద్దకర్మ నాడు, భోజనాలవుతుండగా, సాంబయ్య వచ్చాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకున్నాడు. ఆదివారం మేము రాకపోయేసరికి ఆరా తీసి తెలుసుకున్నాడట. మాస్టారి పటానికి దణ్ణం పెట్టి నా దగ్గరకొచ్చి, "గేటు కాడ నిలబడతానండీ. ఎవరు తీస్తారు?" అన్నాడు. మాస్టారి భార్య లోపలికెళ్ళి కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టారు.

మర్నాడు ఇద్దరం పెడన వెళ్ళాం. ఆరేళ్ళు వద్దన్న మనిషి గేటుస్తంభం పక్కన చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. ఇన్నేళ్ళు ఆ కెమెరా సంచీ మోశానే గాని మీట నొక్కింది లేదు. పదిసార్లు నొక్కాను. కొన్నిట్లో గేటు వంగింది, కొన్నిట్లో మొహం చీకటైంది. ఉన్నవాటిలో మెరుగైనది తెర మీద చూపించాను.

"మాస్టారు తీసినట్టు వచ్చిందాండీ?" అన్నాడు సాంబయ్య.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "రాలేదు" అన్నాను.

"రాదు లెండి" అని మళ్ళీ తెర వంక చూశాడు. "ఆయనున్నప్పుడు నిలబడాల్సింది."

ఆ ఫోటోనే ఖాళీ పేజీలో అంటించాను. లైను పూర్తయింది. చూపించడానికి మాస్టారు లేరు.