సువార్త సంతకం పెట్టిన జిరాక్స్

ఏడేళ్లుగా ఒక్క కాగితం బరువు మోస్తున్నాను. నవ్వకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో జిరాక్స్ షాపు నడుపుతున్నదాన్ని, కాగితం బరువెంతో నాకు తెలియకపోదు. ఈ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నా మొహం చూడలేదు కనుక కాబోలు.

మాది గుంటూరు వైపు. పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది నాకు, ఆరాలు తీయడం. మిషన్ మీద పెట్టిన ప్రతి కాగితమూ చదువుతాను. ఎవరికి ఏ సబ్జెక్టు తప్పిందో, ఎవరి కోర్టు గొడవ ఎంతదాకా వచ్చిందో అన్నీ నాకే కావాలి.

సువార్త అలాగే దగ్గరైంది. ఎల్బీ నగర్‌లో ఒక ఆసుపత్రిలో ఆయా. భర్త లేడు, ఒక్కతే కూతురు. ఏ ఫారం నింపాలన్నా నా దగ్గరికే వచ్చేది. అసలు ఆధార్ కార్డు పారేసుకుంటానేమోనని ఆమెకు భయం. అందుకని, నా దగ్గరకు వచ్చే చాలామందిలాగే, నాలుగు కాపీలు తీయించి, వాటి మీద సంతకాలు పెట్టి షాపులోనే ఉంచేది. పేర్లవారీగా ఒక ఫైలు పెట్టుకున్నాను. జనం నన్ను అంతగా నమ్ముతున్నారని గొప్పగా ఉండేది.

ఒకరోజు పక్కన సెల్‌ఫోన్ల కొట్టతను వచ్చాడు. వాయిదాల మీద ఫోను కొనేవాడికెవరికో ప్రూఫ్ లేదట. ఎవరిదైనా కాపీ ఇమ్మన్నాడు. ఫొటో కలవద్దా అన్నాను. "ఎవడు చూస్తడక్కా!" అని నవ్వాడు.

ఇక్కడ ఆగి నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. ఆశపడ్డానా? అతను నాకు ఒక్క రూపాయి ఇవ్వలేదు. మొహమాటమా? అదీ కాదు. నిజంగానే ఎవరూ చూడరా? అంతే. ఆధార్ ఫొటోలో కన్నబిడ్డను తల్లే గుర్తుపట్టదు, అప్పిచ్చే ఆఫీసువాళ్లు గుర్తుపడతారో లేదో చూద్దామనుకున్నాను. ఫైలు తెరిస్తే సువార్తది చేతికొచ్చింది. ఇచ్చాను. మర్నాడు అతను పనైపోయిందని చెబితే గమ్మత్తుగా అనిపించింది. సిగ్గు పడలేదు. అది కూడా రాయాలి.

ఆ కాపీ అక్కడితో ఆగలేదు. ఏడాది తిరిగేసరికి సువార్త పేరున ఆమె ఎరగని అప్పులు మూడు పుట్టాయి. కూతురికి నర్సింగ్‌లో సీటొచ్చి, లోను కోసం బ్యాంకుకు వెళ్తే బయటపడ్డాయి. పాతవి కట్టలేదు కాబట్టి కొత్తది రాదన్నారు. ఏడుస్తూ తిన్నగా నా దగ్గరికే వచ్చింది. పక్క కొట్టతను అప్పటికే ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

"అక్కా, నా కాగితం ఆళ్లకెట్ల పోయింది? నీ తాన తప్ప ఇంకేడ ఇచ్చిన్నే నేను? జర యాది చెయ్యి."

ఆమె నన్ను అనుమానించలేదు. నిజంగా గుర్తుచేయమనే అడిగింది. గుమ్మడికాయల దొంగలా నేనే భుజాలు తడుముకున్నాను.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు సువార్తా. మీవాళ్లెవరికైనా ఇచ్చావేమో చూసుకో."

వేళ్ల మీద ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంది. "మా తమ్ముడొకపారి తీస్కపోయిండు, గ్యాస్ కనెక్షన్‌కని. దావీదు గిట్ల చేస్తడా అక్కా?"

చేయడు అనాలి. అనలేదు.

ఆ తర్వాత పోలీసులకు ఫిర్యాదు, అప్పులిచ్చినవాళ్లకు అర్జీలు, అన్నీ నేనే రాసిపెట్టాను, ఉచితంగా. దరఖాస్తుల మీద సంతకం ఆమెది కాదని, ఫొటో పోల్చి చూడమని ఎంత చక్కగా రాశానో! ఏడాదిన్నర తిరిగాక ఆ అప్పులు ఆమెవి కావని తేల్చారు. పిల్ల సీటు అంతవరకు ఆగుతుందా? పోయింది. ఇప్పుడు నాగోల్‌లో బట్టల షాపులో పనిచేస్తోంది. ఆ క్రిస్మస్‌కు సువార్త నాకు కేకు తెచ్చింది. తిన్నాను.

దావీదుది మీర్‌పేట్, ఆటో నడుపుతాడు. అక్క నిలదీసిన రోజు బైబిలు మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడట. ఆమె నమ్మలేదు. ఆనాటి నుంచి అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు.

మొన్న సువార్త కూతురి పెళ్లి కార్డు రాయించుకోవడానికి వచ్చింది. నేనే టైపు చేశాను. మేనమామ పేరు దగ్గర ఆగి ఆమె వైపు చూశాను. "ఇడిసిపెట్టక్కా" అంది, గోడకేసి చూస్తూ. నేను ఆ వరస తీసేసి కింది పేర్లు పైకి జరిపాను. నా చేతులు అంత మామూలుగా ఎలా పనిచేశాయి? ఆ సంగతి ఇప్పటికీ నాకు అర్థం కావడం లేదు.

ఆమెకు చెబుతానా? పెళ్లిలోపే చెప్పాలని తెలుసు. పోలీసులంటే భయం, షాపు పోతుందని భయం. అన్నిటికంటే ఆమె నన్ను చూసే చూపంటే భయం. క్షమిస్తుందని అనుకోను, అడిగే మొహమూ లేదు. కానీ ఇన్నేళ్లు ఊరందరికీ అర్జీలు రాసిన చేత్తో ఒక్క వాక్యం రాయలేకపోయాను. ఇందాక చిత్తు కాగితం మీద రాసి చూశాను. ఊపిరాడింది. అందుకే ఇక్కడా రాస్తున్నాను.

దావీదు ఏ పాపమూ ఎరగడు. ఆ కాగితం ఇచ్చింది నేను.