వడ్ల మీద గీసిన నల్లసముద్రం

గ్రంథాలయానికి వచ్చే పెద్దలకు నమస్కారం. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. తప్పులూ వంకర అక్షరాలూ ఉంటే మన్నించండి. ఏళ్ల తరబడి మీ మధ్య కూర్చుని పేపరు చదివి వినిపించిన మా మావయ్యగారు మొన్న శుక్రవారం బెజవాడ ఆసుపత్రిలో పోయారు.

చూపు మందగించాక ఆయన పేపరు నాచేత చదివించుకునేవారు. నేను కూడబలుక్కుంటూ చదివినా ఒక్కనాడూ విసుక్కోలేదు. రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తిన ఏడాది, "అంత పెద్ద దేశానికి ఇంకా నేలెందుకండీ?" అని అడిగాను. వాకిట్లో ఆరబోసిన రెండో పంట దాళ్వా వడ్ల మీద ఆయన వేలితో గీత గీశారు.

"ఒక్క నేల కోసమే కాదమ్మాయ్. ఇదిగో, ఇది నల్లసముద్రం, ఓడలకి దారి. పక్కవాడు తనకి పడనివాళ్ల కూటమిలో చేరతాడేమోనని ఇంకో భయం. పైగా, ఒకప్పుడు మాదేగా అన్న పాత మాటొకటి."

"అయితే వాళ్లది న్యాయమేనాండీ?"

"కారణం ఉంటే న్యాయం ఉన్నట్టా? కానీ ఎందుకొచ్చాడో తెలిస్తేనే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది."

లోపల్నుంచి అత్తయ్యగారు, "ఆ యుద్ధం ఆపేసి రండి, కాఫీ చల్లారిపోతోంది" అన్నారు.

మా పక్క చేను రైతుగారు ఏటా మా గట్టు కాస్త కాస్త చెక్కుకుంటూ వచ్చారు. నిరుడు సర్వేయరు వచ్చినప్పుడు ఆ రైతుగారు మంచిగానే అడిగారు. "ఆ మూల రెండు సెంట్లు వదిలెయ్యండి, ఇటు మూడిస్తాను." మా ఆయన సరేననబోయారు. నేను క్యారేజీ పట్టుకుని వెనక నిలబడి ఉన్నాను. మగవాళ్ల ముందు ఎన్నడూ నోరు విప్పినదాన్ని కాదు. కానీ వడ్ల మీద గీసిన ఆ గీత గుర్తొచ్చింది.

"ఆ మూలలోనే తూముందండి. అది వాళ్లదైపోతే నీళ్లకి ఏటా వాళ్లనే అడగాలి" అన్నాను, తలెత్తకుండా.

గట్టు మీద కూర్చుని వింటున్న మావయ్యగారు కర్ర నేలకి తాటించి నవ్వారు. "విన్నావుట్రా? నల్లసముద్రం మీ ఆవిడకి కనపడింది, నీకు కనపళ్లేదు!"

గట్టు పాత చోటే పడింది. ఆ రైతుగారిని మాత్రం మావయ్యగారు మజ్జిగ తాగందే కదలనివ్వలేదు. "రేపు పొద్దున మళ్లీ మొహాలు చూసుకోవాల్సినవాళ్లం" అన్నారు.

చదివాక ఈ కాగితం కాల్చేయండి. ఆ రైతుగారూ పేపరుకి అక్కడికే వస్తారు. ఆయన చిన్నబోతే మావయ్యగారు ఒప్పుకోరు. మొన్న పాడెకి ముందు భుజం పట్టింది ఆయనేనట. తూము దగ్గర, మా గట్టు చెదరకుండా, అడుగు చూసుకుని మరీ వేశారని మా ఆయన చెప్పారు.