పైపు కరిచిన వేలు

సైకిలు ట్యూబు ముక్కతో నయం కాని జబ్బు ట్రాక్టరుకి రాని రోజులవి. రేడియేటరు గొట్టం కారితే ట్యూబు ముక్క, డీజిలు పైపు చెమ్మగిల్లితే ట్యూబు ముక్క, ఎండకి స్టీరింగు చెయ్యి కాలిస్తే దానికీ చుట్టూ ట్యూబు ముక్కే. మా దివిసీమలో ఏ ట్రాక్టరు సీటు కింద చెయ్యి పెట్టినా పానా దొరికినా దొరక్కపోయినా, రిబ్బనులా కోసి చుట్టచుట్టిన పాత ట్యూబు మాత్రం తప్పకుండా దొరికేది. తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూ కుడిచేతి చూపుడువేలు వంక చూసుకుంటాను. అది సగమే ఉంటుంది. నవ్వు కూడా అక్కడికే ఆగిపోతుంది.

ఎనిమిదో తరగతిలో నేనూ బడీ ఒకరి మీద ఒకరం ఆశ వదిలేసుకున్నాం. (లెక్కల మాస్టారు మాత్రం చివరిదాకా పోరాడారు పాపం, బెత్తం అరిగిపోయింది గానీ నాకు భిన్నాలు ఎక్కలేదు.) ఆ పనీ ఈ పనీ చేసి మీసం వచ్చాక, ఊళ్ళో అందరూ వరి చేలు తవ్వి చేపల చెరువులు చేస్తున్న హడావుడిలో, అవనిగడ్డ అవతల ఒక ఆసామి దగ్గర ట్రాక్టరు మీద పనికి కుదిరాను. ఆయన్ని మావయ్యా అనేవాణ్ణి. ట్రాక్టరు తోలే అతను నాకంటే పెద్దవాడు, అతన్ని బావా అనేవాణ్ణి. ఇద్దరిలో ఎవరితోనూ నాకు చుట్టరికం లేదు. (మా వైపు చుట్టరికం లేనివాళ్ళతోనే వరసలు గట్టిగా కలుస్తాయి, ఉన్నవాళ్ళతో గొడవలు కదా.) బావ ట్రాక్టరు తోలితే, వెనక మట్టి నింపిన ట్రక్కు బాధ్యత నాది. గట్టు అంచుదాకా వెనక్కి రాగానే ఆపమని ఈల వెయ్యాలి. ఆ తర్వాత నూనె పైపుల బలంతో ట్రక్కు ముందువైపు పైకి లేచి, మట్టి వెనక్కి జారిపోతుంది. ఆ పైపులు తగిలించడం, తియ్యడం, గ్రీజు పెట్టడం, మధ్య మధ్య అందర్నీ నవ్వించడం నా పని. చివరిదానికి జీతం లేదు.

నా ఈల గురించి కొంచెం చెప్పుకోవాలి. చూపుడువేలు, నడిమివేలు నాలిక కింద పెట్టి వేస్తే ఇంజను మోత చీల్చుకుని అవతలి గట్టుదాకా వెళ్ళేది. సినిమాహాల్లో హీరో కనపడకముందే నా ఈల వినపడేది, గేటు దగ్గరి మనిషి "వచ్చాడ్రా బాబూ" అని నెత్తి కొట్టుకునేవాడు. బావ అయితే వెనక్కి తిరిగి చూడటమే మానేశాడు. "నీ ఈల ఉండగా నాకు అద్దాలెందుకురా" అనేవాడు. ట్రాక్టరు ఊళ్ళోకి మలుపు తిరిగేటప్పుడు నేను ఒక ఈల వేస్తే, మా ఆవిడ (అప్పటికింకా మా ఆవిడ కాదు) అప్పుడే ఊడ్చిన వాకిలి మళ్ళీ ఊడవడానికి వచ్చేది. చదువు లేదు, ఆస్తి లేదు, అందం సంగతి మీరే చూస్తున్నారు. నాకున్న గొప్పతనమల్లా ఆ రెండు వేళ్ళే.

ఆ వేసవిలో ట్రక్కు పైపుల్లో ఒకదానికి వయసైపోయింది. పైన రబ్బరు పగుళ్ళిచ్చి, లోపలి తీగ అక్కడక్కడా తుప్పుపట్టి కనపడుతోంది. అప్పటికే దానికి రెండు చోట్ల ట్యూబు చుట్టి ఉంది. "రేపు గుడివాడ వెళ్ళి కొత్తది తెస్తాన్రా" అని మావయ్య రోజూ అనేవాడు. అబద్ధం కాదు, నిజంగానే వెళ్దామనుకునేవాడు. ఏదో ఒక చెరువువాళ్ళు పొద్దున్నే వచ్చి "మా మట్టి తోలండి" అని కూర్చునేవాళ్ళు. రేపు కాస్తా ఎల్లుండి అయ్యేది.

ఒక మధ్యాహ్నం మట్టితో ట్రక్కు సగం లేచి ఆగింది. ఇంజను తిరుగుతూనే ఉంది. పైపు దగ్గరికి వెళ్తే ఎక్కడో 'సుయ్' మని సన్నటి చప్పుడు. చుక్క కారడం లేదు, ఎండలో సన్నటి పొగమంచులాంటిది మాత్రం కనపడుతోంది. చిల్లు ఎక్కడుందో తెలిస్తేనే కదా ట్యూబు చుట్టేది? ఎడమచేతిలో ట్యూబు ముక్క పట్టుకుని, కుడిచేతి చూపుడువేలుతో పైపు పొడవునా తడుముకుంటూ వెళ్ళాను. మేమందరం అలాగే చూసేవాళ్ళం. సూదితో గుచ్చినట్టు చురుక్కుమంది. చెయ్యి విదిలించి వెనక్కి దూకాను. ఆ విదిలింపుకి పైపు గడ్డిలో ఒక్కసారి నల్లగా మెలిక తిరిగింది.

అది బావ కళ్ళబడింది. అంతే. "పాము! పామురోయ్! మనవాణ్ణి కరిచింది!" అని కేకలు. చుట్టుపక్కల గట్ల మీదివాళ్ళందరూ కర్రలతో పరిగెత్తుకొచ్చారు. మా సీమలో పాముకాటు అంటే జోకు కాదు, ఎవరింట్లో చూసినా ఒక కథ ఉంటుంది. వేలి కొస మీద ఆవగింజంత ఎర్రచుక్క. నొప్పి కూడా పెద్దగా లేదు.

"పాము కాదు బావా, పైపు కరిచింది" అన్నాను.

ఒక్క క్షణం అందరూ నా మొహంలోకి చూసి, గట్టు అదిరిపోయేలా నవ్వారు.

"చావబోతూ కూడా జోకులేనా నీకు?"

"నిజంగా! పైపులోంచి చురుక్కుమని..."

"ఊరుకోరా, మాట్లాడకు, విషం ఎక్కుతుంది. ఆ ట్యూబు ముక్క ఇలా తే!"

పైపుకి కట్టాల్సిన ట్యూబు నా మణికట్టుకి కట్టారు. పైపుకి కడితే ఆగేది కాదు గానీ, నాకు మాత్రం నెత్తురు ఆగిపోయి చెయ్యి నీలంగా తిరిగింది. అది చూసి "అదిగో, విషం!" అన్నారు. జీవితమంతా అబద్ధాలు కలిపి నవ్వించినవాణ్ణి, ఒక్క నిజం చెప్పేసరికి అది నా జోకులన్నిట్లోకీ పెద్ద జోకైపోయింది. ఈలోగా నలుగురు గడ్డి తొక్కి, కర్రలతో కొట్టి, కాలవ ఒడ్డున ఎండ కాగుతున్న ఒక పాముని చంపి యూరియా సంచిలో వేసుకొచ్చారు. నేను దాని మొహం కూడా చూసి ఎరగను, అది నాదీ చూసి ఉండదు.

పక్క ఊళ్ళో పాముకాటుకి మందిచ్చే తాత ఉండేవాడు. బావ నన్ను మోపెడ్ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు, సంచి నా ఒళ్ళోనే. తాత సంచి విప్పి చూసి, "ఒరేయ్, ఇది నీరుకట్టెరా. దీనికి విషమెక్కడిది?" అన్నాడు. అయినా అనుమానం తీరడానికి రెండు పచ్చిమిరపకాయలు నమలమన్నాడు. విషం ఎక్కినవాడికి కారం తెలీదట. నాకు కారం ఎంత బాగా తెలిసిందంటే కుండలో నీళ్ళు సగం తాగేశాను. "విషం లేదు, ఏమీ లేదు, హాయిగా ఇంటికెళ్ళి పడుకో" అన్నాడు తాత, నా మణికట్టుకి కట్టిన ట్యూబు విప్పేస్తూ. ఆయన్ని తప్పు పట్టలేం, అక్షరాలా నిజమే చెప్పాడు. దారిలో బావ టీ తాగించాడు, బజ్జీలు తినిపించాడు. గ్లాసు పట్టుకుంటే వేలు తిమ్మిరిగా ఉంది, నాది కానట్టుగా. "కట్టు కట్టాం కదా, అదే" అన్నాడు బావ. నేనూ సరేలే అనుకున్నాను. ఊళ్ళోకి రాగానే అలవాటుగా మలుపు దగ్గర ఈల వేశాను. అదే ఆఖరిదని తెలిస్తే కొంచెం సేపు వేసి ఉండేవాణ్ణి.

తెల్లారేసరికి వేలు నీలంవంకాయలా ఉంది. అరచెయ్యి బిగుసుకుపోయింది, నొప్పి మోచెయ్యిదాకా పాకుతోంది. ఈసారి ఎవరూ తాత మాట ఎత్తలేదు. బావ నన్ను పులిగడ్డ వంతెన దాటించి, చల్లపల్లి మీదుగా బందరు తీసుకెళ్ళాడు. బందరులో డాక్టరుగారు వేలు తిప్పి చూసి "ఏం కరిచింది?" అన్నారు.

"నీరుకట్టండి" అన్నాడు బావ.

"పైపండి" అన్నాను నేను.

ఆయన నవ్వలేదు. నా మాటకి నవ్వని మనిషి ఎదురైనందుకు నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు, అంత భయమూ కలగలేదు.

"నూనె పైపా? ట్రాక్టరు నడుస్తుండగా వేలు పెట్టావా?"

"అవునండి."

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నమండి."

"నిన్నటినుంచీ ఏం చేశావయ్యా?"

"మిరపకాయలు తిన్నానండి."

ఆయన కుర్చీలోంచి లేచి నర్సుని పిలిచారు. ఆ నూనె ఎంత ఒత్తిడితో వస్తుందంటే చర్మం దానికి కాగితంతో సమానం అన్నారు. పైకి సూదిపోటంత గాయమే, లోపల మాత్రం నూనె వేలి పొడవునా పరుచుకుని కండని చంపేస్తుందట. నొప్పి లేదని, నెత్తురు రాలేదని ఇంట్లో కూర్చోకూడదట, అదే గంటలో రావాలట. "నిన్ననే వచ్చి ఉంటే కోసి కడిగేవాళ్ళం. వేలు దక్కేదేమో" అన్నారు. ఆ 'ఏమో' ఇప్పటికీ నా చెవిలో ఉంది. సగం వేలు తీసేశారు. అరచెయ్యి కోసి నూనె కడిగారు, చెయ్యి మిగిలింది.

మూడో రోజున మావయ్య వచ్చాడు. భుజాన కొత్త పైపు చుట్ట. తిన్నగా గుడివాడ వెళ్ళి, అది కొనుక్కుని, అట్నుంచి అటే ఆసుపత్రికి వచ్చేశాడు. చూడ్డానికి వచ్చేవాళ్ళు పళ్ళు తెస్తారు, ఆయన పైపు తెచ్చాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మంచం కాళ్ళ దగ్గర నిలబడి, "తెచ్చాన్రా అబ్బాయ్" అన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. అలవాటైన నోరు. "దీనికి చిల్లు పడితే ఎలా మావయ్యా, వెతకడానికి వేలు లేదే!" అన్నాను. బావ పక్కున నవ్వబోయి ఆగాడు. మావయ్య కిటికీవైపు తిరిగిపోయాడు. భుజం మీద పైపు చుట్ట మెల్లగా అదురుతోంది. ఆయన్ని నవ్వించాలనే అన్నాను.

ఆ తర్వాత నేను ఆయన దగ్గర చాలాకాలం పనిచేశాను. పైపు మీద వెంట్రుకంత పగులు కనపడినా ఆ పూటే మార్చేవాడు. టీ గ్లాసు ఎప్పుడూ నా ఎడమచేతికే అందించేవాడు, కుడిచెయ్యి వంక చూడకుండా. ఎన్ని జోకులు వేశానో, ఎంతమందిని అనుకరించానో! అందరూ పడిపడి నవ్వేవాళ్ళు. ఆయన పెదవి కొంచెం విచ్చుకునేది, అంతలోనే నా కుడిచేతివైపు చూపు పోయేది. ఆయన పోయేదాకా ఆ నవ్వు పూర్తి కాలేదు. వేలు పోయినందుకు ఎప్పుడో సర్దుకున్నాను గానీ, ఆ సగం నవ్వుకే ఇప్పటికీ సర్దుకోలేకపోతున్నాను.

ఇప్పుడు గుడివాడలో నాది చిన్న స్పేరుపార్టుల కొట్టు. కుర్రాళ్ళు ట్యూబు చుట్టిన పైపులు పట్టుకొచ్చి "ఎక్కడ కారుతుందో చూడు బాబాయ్" అంటారు. నేను బల్ల మీద కుడిచెయ్యి పెడతాను. "ఇంజను ఆపు. ట్రక్కు కిందికి దించు. లివరు ఆడించి పైపులో బలం పోనివ్వు. అప్పటికీ చిల్లు కంటికి కనపడకపోతే మళ్ళీ ఇంజను వేసి, దూరంనుంచి అట్టముక్క పెట్టి చూడు, చిల్లున్నచోట నూనె మరక పడుతుంది, వేలు మాత్రం పెట్టకు. అట్టముక్కలు ఈ కొట్టులో ఊరికే ఇస్తాను" అంటాను. "మరి మీ వేలేమైంది బాబాయ్?" అంటారు. "పైపు కరిచింది" అంటాను. ఇప్పటికీ నవ్వుతారు. నవ్వాక మాత్రం అట్టముక్క పట్టుకెళ్తారు.

మొన్న ఒక కుర్రాడు కొత్త పైపు కొని, బల్ల మీదే మరిచిపోయి బండెక్కాడు. ఆపుదామని పరధ్యానంగా రెండు వేళ్ళూ నాలిక కింద పెట్టి ఊదాను. ఈల రాలేదు. వేలు లేని సందులోంచి 'సుయ్' మని సన్నటి చప్పుడు, అచ్చం ఆ మధ్యాహ్నం పైపులోంచి వచ్చినట్టే. లోపల కూర్చున్న మా ఆవిడ తలెత్తి చూసింది. వాకిలి ఊడవడానికి మాత్రం లేవలేదు. నాకు నవ్వొచ్చింది. వేళ్ళు తీసేసి, "ఒరేయ్ బాబూ, పైపు!" అని రోడ్డు మీదికి గొంతు చించుకుని అరిచాను.